మదాలవలస

భాద్రపదంలో గోగుచేను పచ్చగా ఉండాలి.
అసిరినాయుడి ముప్పై సెంట్లలో
ఆకుల ఈనెలు పసుప్పచ్చ దారాలై మెరుస్తున్నాయి,
రాత్రికి రాత్రి ఎవరో కూర్చుని
ఆకాకుకీ కుట్టుపని చేసిపోయినట్టు.
చూడ్డానికి బాగుందని పైకి అనలేదు.

ఐదాకులు తుంచి సంచిలో వేశాను.
సంచి మీద తేదీ, రైతు పేరు.
"తెల్లదోమేనేటమ్మా?"
"దోమ మోసుకొచ్చింది మావా. చేసింది వేరే."
"అదెంతుంటాది?"
ఆవగింజని వెయ్యి ముక్కలు చేసి,
అందులో ఒక ముక్కని మళ్లీ... అని మొదలెట్టి
మానేశాను.

"రెండువేల ఏడొందల అక్షరాలు.
గాజులాగ గుండ్రంగా. అదే దాని ఆస్తంతా.
నీ పాసుబుక్కులో అంతకంటే ఎక్కువ రాతుంటుంది."

"మరిన్ని పనులెలగ సేస్తాది?
తన్ను తానే అచ్చేసుకోవాల,
మొక్కలో కాపలాని నిద్దరపుచ్చాల,
దోమ కడుపులో అరక్కండుండాల..."
పోయిన వారం నేను చెప్పినవే,
వేళ్లు మడిచి నాకే అప్పజెప్పాడు.

అప్పుడు గుర్తొచ్చింది.
నాకు ఆరేళ్లు. పాలకొండ బస్టాండు.
నాన్న చిటికెనవేలు పట్టుకుని
కనిపించిన బోర్డల్లా చదివేస్తున్న రోజులు.
ఒక బస్సు నుదుటన మొదటి ఆ చెరిగిపోయింది.
మూడేసి అక్షరాలు కూడబలుక్కున్నాను:
మదాల. వలస.
"మదాలవలస ఎక్కడుంది నాన్నా?"
కండక్టరు పొట్ట పట్టుకు నవ్వాడు,
"మదాలన్నీ వలసపోయిన ఊరమ్మా, ఎక్కు ఎక్కు."

ఆ చెరక్కపోతే, అదే మూడేసి లెక్కలో,
ఆమదా, లవల, స.
దారి తప్పిన మేకల్లా అక్షరాలు.
ఒక్కడుగు ఆలస్యంగా మొదలెడితే
అర్థం లేచి కూర్చుంది.

"మొక్కలోపల చదివే యంత్రం ఉంటుంది మావా.
మూడక్షరాలు చదివి ఒక పూస గుచ్చుతుంది,
ఇంకో మూడు, ఇంకో పూస.
మొదలుపెట్టమని రాసిన చోట మొదలెడుతుంది.
ఒక్కోసారి ఆ చోటు చూసుకోకుండా దాటిపోయి
కాస్త ముందుకెళ్లి, అక్షరం అటూ ఇటూగా
ఇంకోచోట నోరు తెరుస్తుంది.
రాత అదే. దండ వేరు.
మొదటి దండ అచ్చువేసేది.
దాని కడుపులో దాక్కున్న పొట్టిదండ
కాపలావాడి నోరు కట్టేది."

"అంతిరుకెందుకు?"
"మూట చిన్నది. ఎక్కువ రాస్తే పట్టదు."

భుజం మీది తువ్వాలు తీసి చూసుకున్నాడు.
పొద్దున్న తలపాగా,
గడ్డిమోపు కింద చుట్టకుదురు,
సంతలో వంకాయల మూట,
జ్వరమొస్తే తడిగుడ్డ.
"అయితే అదీ మనలాగ లేనిదేనేటి?"

దానికి నా చదువులో జవాబు లేదు.
తెలిసిందొకటి చెప్పాను:
రెండు మాటలకీ ఒకటే అక్షరం కాబట్టి
అక్కడ ఒక్కటి తప్పు పడిందా, రెండూ చెడతాయి.
"నాకు తెల్దేటి," అన్నాడు.
"ఇది సిరిగిన్నాడు నాలుగు పన్లూ ఆగిపోతాయి."

ఆ తరవాత మాటల్లేవు.
పంచె ఎగ్గట్టి సాళ్లలోకి దిగాడు.
పసుపు కనపడ్డ మొక్కనల్లా
వేళ్లతో సహా పీకి గట్టున పడేశాడు.
నార కావలసినవి, పుల్లలు కావలసినవి,
కూర కావలసినవి,
కుప్పలో అన్నీ ఒకటే.
పచ్చిమీద మంట అంటుకోక
పొగ మాత్రం నాగావళి వైపు నడిచింది.

సాయంత్రం బస్సు మలుపు తిరిగింది.
బోర్డు కొత్తగా రాశారు. ఆ ఉంది.
ఈసారి వ లేదు,
పెయింటరు మరిచాడో, వాన తిన్నదో:
ఆమదాలలస.
లవ పోయింది, వల పోయింది,
వలస కూడా పోయింది
ఒక్క అక్షరంతో.

అసిరినాయుడికి చదువు రాదు.
హారను గుర్తుపట్టి నాకోసం చెయ్యెత్తాడు.
బస్సు ఆగింది.

ఒడిలో సంచి చల్లగా తగులుతోంది.
లోపల, ఆ ఐదాకుల్లో,
ఇంకా చదువు సాగుతూనే ఉంది.